బడిలో హెచ్‌ఎంకీ స్టాఫ్‌కీ మధ్య: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రమోషన్లు వచ్చిన ప్రతిసారీ, డీఎస్సీ పోస్టింగులు పడ్డ ప్రతిసారీ ఫోన్లు మొదలవుతాయి, అన్నీ ఒకే రకం డౌట్లు. బిల్లుల గురించో రిజిస్టర్ల గురించో కాదు, మనుషుల గురించి. ఎవరికి ఎలా చెప్పాలి, చెప్తే బాధపడతారేమో, చెప్పకపోతే బడి పాడవుతుందేమో అని. అందుకే జెడ్పీ హైస్కూళ్లలో, ప్రైమరీ స్కూళ్లలో పనిచేసే హెచ్‌ఎంలు (హెడ్‌మాస్టర్లు), ఇన్‌చార్జ్‌లు, టీచర్లు ఎక్కువగా అడిగేవన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. తప్పు కనిపిస్తే ఆ మనిషికే, పక్కన ఎవరూ లేనప్పుడు చెప్పాలి. బయటివాళ్లు వేలెత్తి చూపిస్తే ఆ మనిషి పక్కన నిలబడాలి. మన బడుల్లో చాలాచోట్ల ఇది తిరగబడి జరుగుతోంది, నలుగురిలో తిట్టడం, ఆఫీసర్ వచ్చినప్పుడు మాత్రం తప్పుకోవడం.

## చేరిన కొత్తలో

కొత్త హెచ్‌ఎంగా జాయిన్ అయ్యాను, మొదటి స్టాఫ్ మీటింగ్‌లో ఏం మాట్లాడాలి?

తక్కువ మాట్లాడండి. "ఇక నుంచి ఇలా ఉండాలి, పాత పద్ధతులు కుదరవు" అని మొదలుపెడితే ఆ రోజే సగం స్టాఫ్ మూతి బిగించేస్తారు. మీటింగ్ కన్నా ముందు ఒక్కొక్కరితో విడిగా పది నిమిషాలు కూర్చోవడం ముఖ్యం, అదీ మీ రూమ్‌కి పిలిపించుకుని కాదు, వాళ్ల లీజర్ పీరియడ్‌లో స్టాఫ్ రూమ్‌కో ల్యాబ్‌కో మీరే వెళ్లి. ఏ క్లాసులు చెప్తున్నారు, ఈ బడిలో మీకు ఏది అడ్డొస్తోంది, నేను వెంటనే చేయగలిగింది ఏముంది, ఇంతే అడగండి. చివరిదానికి వచ్చే జవాబులు చిన్నచిన్నవే ఉంటాయి, ల్యాబ్ తాళం ఎప్పుడు అడిగినా దొరకదనో, తొమ్మిదో తరగతి బోర్డు వెనక బెంచీకి కనిపించదనో, లేడీ టీచర్ల టాయిలెట్‌కి గడియ లేదనో. వారం తిరిగేలోపు వాటిలో రెండు మూడు చేసి చూపించండి. మీటింగ్‌లో గంటసేపు మాట్లాడినా రాని నమ్మకం ఆ గడియ బిగిస్తే వస్తుంది.

నాకంటే వయసులో, సర్వీసులో పెద్దవాళ్లు ఉన్నారు, వాళ్లకి పని ఎలా చెప్పాలి?

గౌరవం ఇవ్వండి, పని మాత్రం స్పష్టంగా చెప్పండి, ఈ రెండిటికీ పేచీ లేదు. "మీ ఇష్టం సార్, కుదిరితే చూడండి" అంటే అది గౌరవం కాదు, తప్పించుకోవడం. ఆయన చేయరు, మీరు లోపల పెట్టుకుంటారు, నెల తర్వాత ఏదో ఒక రోజు అందరి ముందూ బయటపడుతుంది. "సార్, ఈ ఊరి పిల్లల గురించి మీకు తెలిసినంత నాకు తెలియదు, పదో తరగతి సీ గ్రేడ్ పిల్లల బాధ్యత మీరు తీసుకోవాలి, శనివారం సాయంత్రం ఇద్దరం కూర్చుని చూద్దాం" అని చెప్పండి. పని ఏంటో, ఎప్పటికో, మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుంటామో మూడూ అందులోనే ఉన్నాయి. వాళ్ల అనుభవాన్ని సన్మానాలప్పుడు పొగడటం కన్నా పనిలో వాడుకోవడమే వాళ్లకి ఎక్కువ తృప్తి.

ప్రమోషన్ లేదు, ఇన్‌చార్జ్ హెచ్‌ఎంని మాత్రమే. తోటి స్కూల్ అసిస్టెంట్లు నా మాట ఎందుకు వింటారు?

హోదా చూసి వినరు, నిజం. ఆ మాట మీరే ముందు అనేయండి, "మనమందరం ఒకే క్యాడర్, సంతకం బాధ్యత నాకు పడింది, మీరు చేయి వేస్తేనే నడుస్తుంది" అని. మీ క్లాసులు మాత్రం ఎగ్గొట్టకండి. ఆన్‌లైన్ ఎంట్రీల పేరుతో ఇన్‌చార్జ్ సార్ పీరియడ్లన్నీ పక్కవాళ్ల మీద పడితే, మీరు ఎంత మర్యాదగా అడిగినా ఎవరూ కదలరు.

డీఎస్సీలో కొత్తగా వచ్చిన టీచర్‌కి క్లాస్ కంట్రోల్ రావట్లేదు, ఏం చేయాలి?

ముందు ఆ అమ్మాయి క్లాసు దగ్గరికెళ్లి పిల్లల మీద మీరు అరవడం ఆపేయండి. మీరు వెళ్లి "సైలెన్స్" అనగానే క్లాసు ఆగిపోతుంది, మేడమ్ మాటకి విలువ లేదని పిల్లలకి మీరే నేర్పినట్టవుతుంది. తెలంగాణలో 2024 డీఎస్సీకి, ఆంధ్రాలో 2025 మెగా డీఎస్సీకి వచ్చినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్లలో చదివి వచ్చారు, సబ్జెక్టు బాగా వచ్చు, యాభై మంది పిల్లల ముందు నిలబడటం మాత్రం కొత్త. అదే పిల్లలకి పాఠం చెప్పే ఒక సీనియర్ టీచర్‌ని జత చేయండి, వారంలో ఒక పీరియడ్ ఈమె ఆయన క్లాసులో వెనక కూర్చోవాలి, ఒక పీరియడ్ ఆయన ఈమె క్లాసులో కూర్చోవాలి. రిపోర్టు ఏమీ రాయనక్కర్లేదు, హెచ్‌ఎంకి చెప్పనక్కర్లేదు అని ఇద్దరికీ ముందే చెప్పండి. రిపోర్టు ఉందంటే ఎవరూ తమ ఇబ్బంది బయటపెట్టరు. ఇంకో సంగతి, కొత్తవాళ్లు చిన్నవాళ్లు కదా కంప్యూటర్ బాగా వచ్చు కదా అని బడిలోని ఆన్‌లైన్ పనంతా వాళ్ల నెత్తిన వేస్తున్నారు, యూడైస్ (బడుల వివరాల పోర్టల్) ఎంట్రీలు చేస్తూ కూర్చున్న మనిషి పాఠం చెప్పడం ఎప్పుడు నేర్చుకుంటుంది?

## రోజువారీ పనిలో

క్లాస్ అబ్జర్వేషన్‌కి వెళ్తే తప్పులు పట్టడానికి వచ్చానన్నట్టు చూస్తున్నారు, ఎలా?

అన్నాళ్లూ జరిగింది అదే కాబట్టి అలాగే చూస్తారు. రిజిస్టర్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, టీచింగ్ డైరీ ఏదీ, లెసన్ ప్లాన్ ఏదీ అని అడిగి, రెండు లైన్లు రాసి వెళ్లిపోవడం. దీన్ని మార్చాలంటే మొదట మీ క్లాసుకి వాళ్లని పిలవండి. హెచ్‌ఎం చెప్పే పాఠం చూసి టీచర్లు నాలుగు మాటలు చెప్పొచ్చు అన్నది ఒకసారి జరిగితే ఆ తర్వాత మీరు వాళ్ల క్లాసులోకి వెళ్లడం వింతగా ఉండదు.

వెళ్లేది ముందురోజే చెప్పండి. వెనక బెంచీలో కూర్చోండి, మధ్యలో నోరు విప్పొద్దు. మీకు అనిపించింది కాదు, కళ్లతో చూసింది రాసుకోండి. ఉదాహరణకి ఎనిమిదో తరగతి లెక్కల పాఠం అనుకుందాం, అకరణీయ సంఖ్యలు. సార్ బోర్డు మీద చక్కగా చేస్తున్నారు, "అర్థమైందా" అంటే "అయ్యింది సార్" అని క్లాసంతా అరుస్తోంది. మీ పక్కన కూర్చున్న పిల్ల నోట్సులో మాత్రం మూడులో ఒకటికి నాలుగులో ఒకటి కలిపితే ఏడులో రెండు అని ఉంది, దాని పక్కన పిల్లదీ అంతే. సార్ పీరియడ్ మొత్తంలో ముందు రెండు వరసలు దాటి వెనక్కి రాలేదు. బయటికొచ్చాక "సార్, మీ టీచింగ్ సూపర్, కొంచెం వెనక పిల్లల్ని కూడా చూడండి" అంటే ఆయన సూపర్ అన్నంతవరకే వింటారు. "మీది టీచర్ సెంటర్డ్‌గా ఉంది" అంటే మనసు కష్టపెట్టుకుంటారు తప్ప ఏం చేయాలో తెలియదు. అదే "సార్, వెనక నా పక్కన ఇద్దరు పిల్లలు హారాలు కూడేస్తున్నారు, మిగతావాళ్ల నోట్సులు నేను చూడలేదు, రేపు ఒకసారి మీరు చూస్తారా, ఎంతమంది అలా చేస్తున్నారో తెలిస్తే ఏం చేద్దామో అనుకుందాం" అనండి. ఇందులో పొగడ్త లేదు, తీర్పూ లేదు. ఆయన కూడా పిల్లల మంచి కోరేవాడే కదా, మర్నాడు తప్పకుండా చూస్తారు. తర్వాతి వారం మీరు మళ్లీ అడగాలి, అడగకపోతే హెచ్‌ఎం ఏదో మాటవరసకి అన్నారులే అనుకుంటారు.

టైమ్ టేబుల్ వేసిన ప్రతిసారీ గొడవే, అందరినీ ఎలా ఒప్పించాలి?

అందరినీ ఒప్పించలేరు. దాపరికం లేకుండా మాత్రం చేయొచ్చు. ఎవరికి వారానికి ఎన్ని పీరియడ్లు, ఎవరు సెలవు పెడితే ఆ అడ్జస్ట్‌మెంట్ పీరియడ్ ఎవరికి పడింది, ఈ రెండూ స్టాఫ్ రూమ్ గోడ మీద అందరికీ కనపడేలా అంటించండి. ఎక్కువ గొడవలు పీరియడ్ల సంఖ్య మీద కాదు, "ఆయనకి ఎప్పుడూ లంచ్ తర్వాత లీజరే" అన్న అనుమానం మీద వస్తాయి. చంటిపిల్లల తల్లికి మొదటి పీరియడ్ ఖాళీ ఇచ్చారనుకోండి, ఎందుకు ఇచ్చారో ఆవిడ అనుమతితో అందరికీ చెప్పేయండి, రేపు ఇంకొకరికి అవసరమొస్తే వాళ్లకీ ఉంటుందని చెప్పండి.

కొందరు టీచర్లు సంతకం పెట్టి తేదీ వేయని సీఎల్ (క్యాజువల్ లీవ్) లెటర్ ఇచ్చి డ్రాయర్‌లో పెట్టుకోమంటున్నారు, కాదంటే మంచితనం పోతుంది, ఏం చేయను?

వద్దనండి, మొదటిసారే. ఆఫీసర్ వస్తే తేదీ వేయడం, రాకపోతే చించేయడం, మర్నాడు వచ్చి నిన్నటి హాజరుకి సంతకం చేయడం, దీన్ని చాలామంది ఒకరికొకరు సాయం అనుకుంటున్నారు. అది సాయం కాదు. రోజూ టైముకి వచ్చే టీచర్‌ని మోసం చేయడం, ఆ రోజు పాఠం పోయిన పిల్లల్ని మోసం చేయడం. పైగా ఆ లెటర్ బయటపడితే టీచర్‌తో పాటు మీరూ ఇరుక్కుంటారు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఫేస్ అటెండెన్స్ వచ్చింది కాబట్టి ఇది తగ్గింది గానీ ఫీల్డ్ పని, మీటింగ్ అని రాయించుకునే కొత్త దారులు మొదలయ్యాయి.

అయితే కాదని చెప్పి ఊరుకోకండి. ఎందుకు అడుగుతున్నారో కనుక్కోండి. తల్లికి డయాలసిస్ ఉండొచ్చు, సీఎల్‌లు అయిపోయి ఉండొచ్చు. మన టీచర్లకి ఏడాదికి 15 సీఎల్‌లు, 7 స్పెషల్ సీఎల్‌లు, లేడీ టీచర్లకి ఇంకో 5 ఉన్నాయి, సగం రోజు సెలవు ఉంది, హాఫ్ పే లీవ్ ఉంది. ఏది వాడితే జీతం పోకుండా ఉంటుందో ఆయనతో కూర్చుని లెక్క వేయండి. రూల్సులో ఉన్న సాయమంతా చేసే హెచ్‌ఎం రూల్సు దాటనంటే ఎవరూ తప్పుగా అనుకోరు.

స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు?

సమాచారం పెట్టండి, మందలింపు పెట్టొద్దు. "కొందరు టీచర్లు లేటుగా వస్తున్నారు, ఇకపై సహించేది లేదు" అన్న మెసేజ్‌తో లేటుగా వచ్చేవాళ్లకి ఏమీ కాదు, టైముకి వచ్చేవాళ్ల మనసు విరిగిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి "రేపు పొద్దున ఎనిమిదికల్లా డేటా కావాలి" అని పై గ్రూపులోది యథాతథంగా పడేయడం కూడా మానండి. అందులో మన బడికి సంబంధించింది ఎంతో, ఎవరు చేయాలో చూసి, ఆ ఒక్కరికి ఫోన్ చేసి చెప్పండి.

మధ్యాహ్న భోజనం వండే అక్కలు, అటెండర్, వాలంటీర్లు కూడా స్టాఫేనా?

స్టాఫే. బడిలో అందరికన్నా తక్కువ డబ్బుతో పనిచేసేది వాళ్లే, బిల్లులు లేటైతే అప్పు చేసి వండేదీ వాళ్లే. ఏ పిల్ల రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదో ముందు తెలిసేది ఆ అక్కలకే. స్టాఫ్ మీటింగ్‌లో మొదటి పది నిమిషాలకి వాళ్లనీ పిలవండి, కుర్చీ వేయండి, పేరు పెట్టి అండి అని పిలవండి. బిల్లు ఎక్కడ ఆగిందో మీకు తెలిసినంతవరకు నిజం చెప్పండి, "వచ్చేవారం వచ్చేస్తుంది" అని ఊరికే అనొద్దు.

## మాట తేడా వచ్చినప్పుడు

ఇద్దరు టీచర్లు ఏడాదిగా మాట్లాడుకోవట్లేదు, నేను కలగజేసుకోవాలా?

వాళ్లిద్దరూ స్నేహితులు అవ్వాల్సిన పని లేదు. కానీ ఒకరు చెప్పిన పిల్లాడి సంగతి ఇంకొకరికి చేరకపోతే కలగజేసుకోవాల్సిందే. ముందు ఇద్దరితో విడివిడిగా మాట్లాడండి, ఒకరు చెప్పింది ఇంకొకరికి మోయొద్దు. తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి పాత గొడవ తవ్వకుండా పనికి కావాల్సినంత అడగండి, "పేపర్ వాల్యుయేషన్, పదో తరగతి స్పెషల్ క్లాసులు, ఈ రెండిటి గురించి మీరిద్దరూ నేరుగా మాట్లాడుకోవాలి, నా ద్వారా వద్దు". మూల కారణం కులమో, ఎవరి పేరో చెప్పి వెటకారం చేయడమో అయితే మాత్రం సర్దుకుపొమ్మనకండి. అది గొడవ కాదు, అవమానం. అన్నవాళ్లతో తప్పు ఒప్పించాలి.

ఎన్నిసార్లు చెప్పినా లేటుగానే వస్తున్నారు, మెమో ఇస్తే శత్రువునైపోతానా?

మెమో అంటే శిక్ష కాదు, వివరణ అడగడం. శత్రుత్వం మెమో వల్ల రాదు, చెప్పాపెట్టకుండా ఇస్తే వస్తుంది. మొదట విడిగా అడగండి, కారణం వినండి, బస్సు టైమే సమస్య అయితే మొదటి పీరియడ్ మార్చగలరేమో చూడండి. "ఈ నెలాఖరు దాకా చూస్తాను, మారకపోతే రాతపూర్వకంగా అడగాల్సి వస్తుంది" అని మొహం మీదే చెప్పండి. మారకపోతే అన్నట్టే ఇవ్వండి. ఇవ్వనప్పుడు మిగతా స్టాఫ్ చూస్తూనే ఉంటారు.

మా టీచర్ పిల్లాణ్ణి కొట్టారు, తల్లిదండ్రులు వచ్చారు. తోటి ఉద్యోగిని కాపాడాలి కదా?

కొట్టలేదని చెప్పి కాపాడొద్దు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 ప్రకారం పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం, చేసినవాళ్ల మీద సర్వీస్ రూల్స్ ప్రకారం చర్య ఉంటుంది. మొదట పిల్లాడి దెబ్బ చూడండి, పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి చెప్పింది మొత్తం వినండి, జరిగింది జరిగినట్టు రాయండి. టీచర్‌కి మీరు చేయగల నిజమైన సాయం వేరే ఉంది, ఆయన మాట కూడా పూర్తిగా విని రాయడం, బయట గుంపు ఉంటే ఒంటరిగా పంపకపోవడం, క్షమాపణ చెప్పాలనుకుంటే పక్కన కూర్చోవడం, ఆ కోపం ఎక్కడి నుంచి వస్తోందో తర్వాత తీరిగ్గా మాట్లాడటం. అబద్ధంతో కాపాడితే మళ్లీ కొడతారు.

తోటి టీచర్ ప్రవర్తన ఇబ్బందిగా ఉందని ఒక మేడమ్ చెప్పారు, ఇంట్లో మాటలా సర్దేయొచ్చా?

వద్దు. "ఆయన అలాంటివాడు కాదులే" అన్న మాట మీ నోట్లోంచి రానివ్వకండి. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం బడికీ వర్తిస్తుంది. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అంతకంటే తక్కువమంది ఉన్న చిన్న బడి అయితే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లొచ్చు. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి, ఆ గడువు ఆమెకి తెలిసేలా చెప్పండి. వెళ్లాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఆమె చెప్పింది స్టాఫ్ రూమ్‌కి చేరకుండా చూడటం మీ బాధ్యత.

హెచ్‌ఎం చేసేది తప్పనిపిస్తోంది, టీచర్‌గా నేను ఎలా చెప్పాలి?

మీటింగ్‌లో ఒక్కసారిగా లేచి చెప్తే ఆయన సమర్థించుకోవడం మొదలుపెడతారు. ముందు రూమ్‌కి వెళ్లి "సార్, ఒక విషయం మీతోనే మాట్లాడాలి" అనండి. ఏది జరిగింది, దానివల్ల ఎవరికి ఇబ్బంది, మీరు ఏం కోరుతున్నారు, అంతవరకే. డబ్బుల విషయమో, పిల్లల భోజనం లెక్క విషయమో అయితే నోటిమాటతో ఆపకండి, మిమ్మల్ని సంతకం చేయమంటే చేయలేనని కాగితం మీద రాసివ్వండి. యూనియన్ దగ్గరికి వెళ్లడం మీ హక్కు, ఆయనకి చెప్పాక వెళ్తే దానికి బలం ఎక్కువ.

సుప్రీంకోర్టు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) తీర్పు తర్వాత మా సీనియర్ టీచర్లు నీరుగారిపోయారు, హెచ్‌ఎంగా ఏం చేయగలను?

2025 సెప్టెంబర్ 1న వచ్చిన తీర్పు అది. ఎనిమిదో తరగతి వరకు చెప్పే టీచర్లలో టెట్ లేకుండా ఉండి ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలినవాళ్లు రెండేళ్లలో టెట్ పాస్ అవ్వాలి, ఐదేళ్లలోపు ఉన్నవాళ్లకి ఉద్యోగానికి ఇబ్బంది లేదు గానీ ప్రమోషన్‌కి కావాలి అంది. యాభై దాటిన టీచర్ రాత్రిపూట బిట్లు చదువుతుంటే అందులో భయంతో పాటు సిగ్గు కూడా ఉంటుంది. స్టాఫ్ రూమ్‌లో దాని మీద జోకులు వేయనివ్వకండి. కొత్తగా డీఎస్సీ రాసి వచ్చినవాళ్లకి సైకాలజీ, మెథడాలజీ తాజాగా ఉంటాయి, సాయంత్రం అరగంట కలిసి చదువుకునే ఏర్పాటు చేయండి. క్లాసు నడపడం పెద్దవాళ్ల దగ్గర, బిట్లు చిన్నవాళ్ల దగ్గర, ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి కనిపిస్తుంది.

## ఆఫీసర్లు, తల్లిదండ్రులతో

ఎంఈఓ (మండల విద్యాధికారి) విజిట్‌కి వచ్చి మా టీచర్‌ని అందరి ముందూ నిలదీశారు, నేను మధ్యలో మాట్లాడొచ్చా?

మాట్లాడాలి. "సార్, ఆ విషయం నా దృష్టిలో ఉంది, మేం మాట్లాడుకుంటున్నాం, నా రూమ్‌లో వివరంగా చెప్తాను" అంటే చాలు, అది ఎదిరించడం కాదు. పిల్లల ముందు టీచర్‌ని తక్కువ చేస్తే మర్నాడు ఆ క్లాసులో ఆయన నిలబడలేరు. రూమ్‌లోకి వెళ్లాక మాత్రం లోపం ఉంటే ఉందనే చెప్పండి, ఏం చేస్తున్నారో చెప్పండి. ఆఫీసర్ వెళ్లాక ఆ టీచర్‌కి మీరు లోపల ఏం చెప్పారో అదే మాట చెప్పండి, ఒక్క ముక్క మార్చకుండా.

తల్లిదండ్రులు ఫలానా టీచర్ వద్దంటున్నారు, ఎవరి పక్క ఉండాలి?

ముందు ఏం జరిగిందో తేలే పక్క. విద్యాహక్కు చట్టంలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలని రాశారు, తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, ఆంధ్రాలో అదే ఏడాది డిసెంబర్ 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. అంటే వాళ్లు అడగడం తప్పు కాదు. కానీ "ఆ సార్ సరిగ్గా చెప్పరు" అన్నదాన్ని అలాగే పట్టుకోకండి, ఏ క్లాసు, ఏ రోజు, ఏం జరిగిందని అడగండి. సగం ఫిర్యాదులు అక్కడే కరిగిపోయి, మిగిలిన సగంలో నిజం ఉంటుంది. ఆ నిజం టీచర్‌కి మీరే చెప్పండి, ఊళ్లో టీ కొట్టు దగ్గర ఆయన వినే పరిస్థితి రాకూడదు. మార్పు కనిపించాక ఆ తల్లిదండ్రుల్ని పిలిచి ఆ సంగతీ చెప్పండి, ఇది దాదాపు ఎవరూ చేయరు.

## బదిలీ, రిటైర్మెంట్ వేళ

ట్రాన్స్‌ఫర్ అయ్యాను, కొత్తగా వచ్చే హెచ్‌ఎంకి స్టాఫ్ గురించి ఏం చెప్పాలి?

ఛార్జ్ ఇచ్చేటప్పుడు క్యాష్ బుక్, స్టాక్ రిజిస్టర్, సీఎల్ లెక్కలతో పాటు ఎవరికి ఏ హామీ ఇచ్చారో అది చెప్పండి, "ఈ మేడమ్‌కి ఆపరేషన్ ఉంది, జూన్ దాకా పై అంతస్తు క్లాసులు వేయనన్నాను" లాంటివి. "వీడితో జాగ్రత్త, ఆవిడ మంచిది" అన్న ముద్రలు ఇవ్వొద్దు. ఇచ్చిన మెమోలు ఫైల్‌లో ఉంటే ఉన్నాయని చెప్పండి, అంతే.

రిటైర్ అవుతున్న సార్‌కి సన్మానం ఘనంగా ప్లాన్ చేస్తున్నాం, ఇంకేమైనా చేయాలా?

శాలువా కన్నా ముందు ఆయన సర్వీస్ రిజిస్టర్ తెరవండి. ఇంక్రిమెంట్లన్నీ ఎంట్రీ అయ్యాయా, ఎక్కడైనా సంతకం లేకుండా వదిలేశారా, సెలవుల లెక్క సరిపోయిందా, నామినీ పేర్లు, పుట్టినతేదీలు ఆధార్‌తో కలుస్తున్నాయా. పదిహేనేళ్ల కింద పనిచేసిన బడిలో ఒక్క ఎంట్రీ మిస్సయితే రిటైరైన పెద్దాయన ఆ కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఏడాది ముందే ఇద్దరూ కూర్చుని పేజీ పేజీ చూడండి, లేని ఎంట్రీ కోసం ఆ బడి హెచ్‌ఎంకి మీరే ఫోన్ చేసి, మీరే లెటర్ రాయండి.